కొలిచి తీసి, కొలిచి పోయుట

“అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల” యని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను మేము తరగతిలో ఎన్నిమారులు చెప్పితిమో లెక్క లేదు. చెప్పుట వేరు, నడచుకొనుట వేరు. ఒక ఆదివారమునాడు మా యింటి వాకిట మేమే అడుసు త్రొక్కితిమి. అది నీటి అడుసు కాదు, చమురు అడుసు. దానిని కడుగుటకు నీళ్లు చాలలేదు, నెలలు పట్టినవి.

ఆ ముచ్చటను పత్రికకు వ్రాయుమని పదవ తరగతి విద్యార్థులు కోరిరి. పద్యములు చెప్పెడు అయ్యవారు కారు చమురును గూర్చి వ్రాయుట యేమియని తల్లిదండ్రులలో కొందరు నవ్వవచ్చును. కాని మా హోసూరు ప్రాంతమునకు ఇది దూరపు విషయము కాదు. 1980 ప్రాంతమున ఇచ్చట లారీల కర్మాగారమును, మోపెడ్ల కర్మాగారమును వెలసినవి. మా విద్యార్థుల తండ్రులలో పెక్కుమంది నేడు స్పానరు చేతబట్టి సంసారము నడుపుచున్నారు. కావున మా తప్పును వారి యెదుట ఒప్పుకొనుటలో సిగ్గుపడవలసినది లేదు.

ముందుగా మాకు కారెందులకో చెప్పవలెను. బాల్యమున పోలియో సోకి మా ఎడమకాలు సన్నబడినది. నడువగలము, నిలువగలము, కాని ఆ కాలితో దేనినైనను గట్టిగా త్రొక్కలేము. సామాన్యమైన కారులో గేరు మార్చిన ప్రతిసారియు ఎడమకాలితో క్లచ్చి త్రొక్కవలెను గదా! ఆ కారణమున కారు మనకు కాదను తలంపుతోనే నలువది యేండ్ల వయసు వచ్చువరకు ఉంటిమి. తిరుపతిలో ఉపాధ్యాయశిక్షణ పొందిన దినములలోను, తరువాత ఈ పాఠశాలకు వచ్చిన తరువాతను, బస్సే మాకు దిక్కు. మా యింటికిని బడికిని 17 కిలోమీటర్లు. ఉదయపు బస్సు తప్పిన మొదటి గంట పాఠము తప్పినట్లే. నిలుచుండి పోవలసివచ్చిన దినమున ఆ రాత్రి కాలు నిద్రపోనీయదు.

ఆరేండ్ల క్రిందట, 2012లో తయారైన ఒక చిన్న ఆటోమేటిక్ కారు మాకు సెకండ్‌హ్యాండులో దొరికెను. దానికి క్లచ్చి లేదు. కుడికాలు ఒక్కటి చాలును. ఆ బండి నడిపి మొదటిసారి బడి ఆవరణలో దిగినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టిరి. అప్పటినుండి మేము ఒక్క మొదటి గంటయైనను తప్పలేదు. కాబట్టి ఆ బండి మాకు విలాసవస్తువు కాదు, రెండవ కాలు.

మూడేండ్లు గడచిన పిమ్మట బండి నడకలో తేడా కనబడెను. ఒక గేరునుండి మరియొక గేరునకు మారునప్పుడు వెనుకనుండి ఎవరో నెట్టినట్లుండెడిది. గేరుపెట్టె చెడినచో బాగుచేయుటకు మా మూడు నెలల జీతము పోవునని విచారించి తెలిసికొంటిమి. ముందుగా దానిలోని చమురు మార్చి చూడుమని ఒకరు చెప్పిరి. దానికై షాపులో అడుగు కూలి మాకు అధికముగా తోచినది. “బోల్టు విప్పుట, చమురు తీయుట, క్రొత్తది పోయుట, ఇంతియే గదా!” యని తలంచి మేమే పూనుకొంటిమి.

ఆ చమురు ఏమి పని చేయునో కూడ ఆనాడు మాకు తెలియదు. పని చేసిన తరువాత తెలిసికొన్నదానిని మీకు ముందుగానే చెప్పుచున్నాము.

రెండు విద్యుత్తు పంకాలను ఎదురెదురుగా పెట్టి, ఒకదానిని మాత్రమే నడిపినచో, దాని గాలికి రెండవ పంకా కూడ మెల్లగా తిరుగనారంభించును. రెంటికి నడుమ ఇనుపకడ్డీ లేదు. గాలియే బలమును మోసికొని పోవును. ఆటోమేటిక్ కారులో ఇంజనుకును గేర్లకును నడుమ ఇట్టి రెండు చక్రములు మూసిన డబ్బాలో ఎదురెదురుగా ఉండును. గాలికి బదులు చమురుండును. ఆ డబ్బాను టార్కు కన్వర్టరు అందురు. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడలను నడుపుటకై ఈ ఉపాయమును కనిపెట్టెను. అమెరికాలో 1940వ సంవత్సరపు మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో క్లచ్చి పెడలు లేని గేరుపెట్టె జనసామాన్యమునకు అందినది.

బలమును మోయుటతోనే ఈ చమురు పని ముగియదు. పండ్లచక్రములు అరిగిపోకుండ వానిని తడుపును. పుట్టిన వేడిని మోసికొనిపోయి బండి ముందుభాగమున చల్లార్చుకొని వచ్చును. సన్నని కాలువలగుండ ఒత్తిడితో పారి, లోపలి క్లచ్చి పలకలను బిగించుచు, వదలుచు, గేర్లు మార్చును. అనగా మన ఎడమకాలు చేయు పనిని ఆ చమురే చేయుచున్నది. ఒకప్పుడు అమెరికాలో దీనిలో తిమింగలపు నూనె కలిపెడివారు. 1970 దశాబ్దపు ఆరంభమున ఆ జీవులను కాపాడుటకు చట్టములు వచ్చి, ఆ వాడుక నిలిచిపోయినది. ఇంజను నూనెతో పొరబడకుండుటకు దీనికి సాధారణముగా ఎర్రరంగు కలుపుదురు. క్రొత్తగా నున్నప్పుడు దానిమ్మరసమువలె నుండును. వేడికి, అరుగుడుకు లోనై క్రమముగా గోధుమవన్నెకు తిరుగును. మరీ పాడైనప్పుడు నల్లబడి మాడువాసన కొట్టును.

ఇక ఆ ఆదివారపు కథ. బండిని అప్పుడే ఊరిబయటనుండి నడుపుకొని వచ్చితిమి. మా వీథి తూర్పునకు వాలియున్నది. ఆ వాలుననే నిలిపితిమి. బండితో వచ్చిన జాకీతో ఒక ప్రక్క లేపితిమి. నాలుగు లీటర్లు పట్టునని మేము తలంచిన ప్లాస్టిక్ తొట్టిని క్రింద నుంచితిమి. అది అంచువరకు నింపినను రెండు లీటర్లకు మించి పట్టదని తరువాత తెలిసినది. ప్రక్కకు ఒరిగి పండుకొని, బండి క్రిందికి చేయి చాచి, బోల్టును త్రిప్పితిమి.

బోల్టు వేళ్లనుండి జారి తొట్టిలో పడెను. వేడి చమురు చేతిమీదుగా ధారగా దూకెను. మేము చేయి లాగుకొంటిమి. తొట్టి ప్రక్కకు జరిగెను. దానిని సరిచేయుదమన్న ఎడమకాలు సహకరింపదు, వెంటనే లేవలేము. తొట్టి నిండెను, పొర్లెను. వాలువెంబడి ఎర్రని కాలువ సాగి, మా యింటి ముగ్గును దాటి, ప్రక్కయింటి అవ్వ వాకిటికి చేరెను. అచ్చట గేటు ప్రక్కనే ఆమె గులాబీ మొక్కలు మూడున్నవి. హోసూరు గులాబీల కీర్తిని మీరెరుగుదురు; ఆ మూడు మొక్కలును అవ్వకు బిడ్డలవంటివి.

మేము చేసిన రెండవ తప్పు మొదటిదానికంటె పెద్దది. కంగారుపడి బకెట్లకొలది నీళ్లు చల్లితిమి. నూనె నీటిపై తేలును గదా! పది అడుగుల మరక ముప్పది అడుగులయ్యెను. గులాబీల పాదులలోనికి మిగిలిన చమురును మేమే నీళ్లతో సాగనంపినట్లైనది.

మూడవ తప్పు మరునాడు బయటపడెను. ఎంత చమురు పోయినదో కొలుచుటకు ఏమియు మిగులలేదు. కావున అంచనాగా క్రొత్తది పోసితిమి. పద్యపాదమున ఒక్క మాత్ర హెచ్చినను సహింపక ఎర్రసిరాతో సున్న చుట్టెడు మేము, గేరుపెట్టెలో అర లీటరునకు పైగా హెచ్చుగా పోసితిమి. కొలతకు మించిన చమురును లోపల తిరుగు చక్రములు కవ్వమువలె చిలుకును, నురుగు పుట్టును. ఆ నురుగు గాలిరంధ్రముగుండ బయటికి తన్నుకొనివచ్చి, బడికి పోవు త్రోవలో వేడి భాగములపై పడి పొగలెగసెను. బండిని రోడ్డుప్రక్కన ఆపి, ఆనాడు మరల బస్సులో నిలుచుండి బడికి పోయితిమి. ఆలస్యముగా వచ్చిన అయ్యవారిని పిల్లలు వింతగా చూచిరి.

నెలలోపల మూడు గులాబీలలో రెండు ఎండిపోయినవి. అవ్వ మమ్ము ఒక్క మాటయు అనలేదు. అన్నచో మాకు తేలికగా నుండెడిది. ఆమె ఇంట కన్నడము మాటలాడుదురు. మాతో తెలుగుననే మాటలాడును. మా అమ్మాయి బడినుండి వచ్చిన తరువాత మేమింటికి చేరువరకు ఆమె యింటనే యుండును. ఆ యేర్పాటు మారలేదు. కాని సాయంకాలము మా గడపవద్దకు వచ్చి రెండు మాటలాడి పోవుట మానివేసెను. ఆమె వాకిట మరకపై ముగ్గుపిండి నిలువదు. నూనె దానిని పీల్చివేయును. కాబట్టి ఆమె ప్రతిదినము ముగ్గును నడివాకిట గాక ఒక ప్రక్కగా వేయసాగెను. ఉదయము తలుపు తీయగానే ప్రక్కకు జరిగిన ఆ ముగ్గు మాకు కనబడెడిది. మేము క్షమాపణ చెప్పితిమి. రెండు క్రొత్త మొక్కలు తెచ్చి యిచ్చితిమి. “అక్కడ పెట్టండి” అని మాత్రమే అనెను. చమురు త్రాగిన మన్నులో మొక్కలు బ్రదుకవని, పాదును త్రవ్వి మన్ను మార్చవలెనని మాకు అప్పుడు తోచలేదు. ఆ రెండును ఎండినవి.

ఇట్లుండగా ఒక సాయంకాలము మా పాత విద్యార్థి యొకడు మమ్ము చూడవచ్చెను. వానిని గూర్చి ఒక మాట చెప్పవలెను. తొమ్మిదవ తరగతిలో గురువులఘువులు గుర్తించుట వానికెన్నడును రాలేదు. “నీవు ఏ పనికిని రావు” అని ఒకనాడు తరగతియెదుట అంటిమి. వాడు ఎట్లో పది గట్టెక్కి, ఐటీఐలో చేరి, ఇప్పుడొక వర్క్‌షాపులో గేరుపెట్టెల పని చేయుచున్నాడు. వాకిటి మరకను చూడగానే వానికి కథ అంతయు తెలిసినది.

“అయ్యవారూ, ఏటీఎఫ్ కదా! కింద బోల్టు విప్పినారు. ఎంత వచ్చిందో కొలవకుండా పోసినారు. అవునా?”

అవునంటిమి. అప్పుడు వాడు మెట్టుపై కూర్చుండి, రెండు పంకాల ఉదాహరణము చెప్పి, ఆ గేరుపెట్టె లోపల జరుగునదంతయు మాకు తెలుగులో బోధించెను. తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపింపుమని తిరుపతిలో మాకు నేర్పినారు. ఆ సూత్రమును మేము పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. వాడు దానిని ఆచరణలో చూపెను. పలకలు, పండ్లు, కాలువలు, ఒత్తిడి, పట్టు: వాని మాటలలో తెలుగునకు కొరత కనబడలేదు. అవసరమైనచోట ఫిల్టరనియు, కూలరనియు అనెను. ఆ మాటలును మాకు తెలిసినవే.

“మీ కాలికి కింద దూరే పని వద్దు. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందికి ఎవరూ పోకూడదు. జారితే ప్రాణం పోతుంది. స్టాండ్లు ఉండాల. మీ బండికి కొలతపుల్ల ఉంది. ఆ గొట్టంలోంచి పైనుంచే పీల్చి తీసేద్దాం. చుక్క కింద పడదు. కానీ చదునైన చోటు కావాల. ఈ వీథి వాలు. అవ్వ వాకిలి సిమెంటు, చదునుగా ఉంది.”

ఈ కడపటి మాటకు మా గుండె జారినది. ఏ వాకిలిని పాడుచేసితిమో, ఆ వాకిలినే అడుగవలసివచ్చెను. వేరొకచోటు చూడుమంటిమి. వాడు నవ్వి ఊరకుండెను. చివరకు మేమే పోయి అడిగితిమి. అవ్వ చాలసేపు మరకవంక చూచెను. “చుక్క పడకూడదు నాయనా” అనెను. అంతే.

మరుసటి ఆదివారము పని జరిగిన తీరును వరుసగా చెప్పెదము. మీ యింట ఇట్టి బండి యున్నచో మీ నాయనగారికి చదివి వినిపింపుడు.

మొదట బండితో వచ్చిన పుస్తకమును చదివితిమి. ఏ చమురు, ఎంత, ఎట్లు కొలువవలెనో దానిలోనున్నది. ఒక బండి చమురు మరియొక బండికి పనికిరాదు. మా బండికి మొత్తము పట్టునది 6 లీటర్లు.

బండిని పది నిమిషములు నడిపి తెచ్చితిమి. చమురు గోరువెచ్చగా నుండవలెను. చల్లనిది చిక్కగా నుండి రాదు. కాగినది చేయి కాల్చును. చదునుచోట నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల ఇటుకలు పెట్టి, ఇంజను ఆపితిమి. బండి ముందుభాగము క్రింద పాత అట్టపెట్టెలు విప్పి పరచి, వానిపై వార్తాపత్రికలు, ప్రక్కనొక సంచెడు రంపపు పొట్టు పెట్టితిమి. ఎప్పుడైనను చమురు ఒలికినచో నీళ్లు చల్లరాదు. పొట్టుగాని బూడిదగాని చల్లి, అది పీల్చువరకు ఆగి, ఊడ్చి తీయవలెను. మేమానాడు ఈ చిన్న సంగతి యెరిగినచో అవ్వ గులాబీలు బ్రదికియుండెడివి.

కొలతపుల్లను తీయుటకు ముందు దాని చుట్టునున్న దుమ్మును గుడ్డతో తుడిచితిమి. ఒక్క ఇసుకరేణువు లోపల పడినను ఆ సన్నని కాలువలకు కీడు. తుడుచుటకు నూలు రాలని గుడ్డయే వాడవలెను. తరువాత చేతిపంపునకు అమర్చిన సన్నని గొట్టమును పుల్ల యుండెడు దారిలో, అడుగు తగులువరకు దింపితిమి. పంపు రెండవ గొట్టమును, లీటర్ల గీతలు గల తెల్లని డబ్బాలో నుంచి, జారకుండ త్రాడుతో కట్టితిమి. మేము నిలుచుండియే పంపు లాగితిమి. మా అమ్మాయి డబ్బా ప్రక్కన కూర్చుండి గీతలు చదువుచుండెను. గోధుమవన్నె చమురు మెల్లగా డబ్బాలోనికి దిగుచుండెను. పావుగంటకు గొట్టము గాలి పీల్చనారంభించెను.

“రెండు లీటర్ల ఏడువందలు నాన్నా!” అని మా అమ్మాయి పలకపై వ్రాసెను.

ఈ సంఖ్యయే ఆ పనికంతటికిని ప్రాణము. ఎంత తీసితిమో అంతయే పోయవలెను. పాత చమురును తీయుటకు ముందే పుల్లతో కొలిచి, మట్టము సరిగా నున్నదని చూచుకొనియుంటిమి. అంతకుముందు హెచ్చుగా పోసినదానిని వర్క్‌షాపులో ఎప్పుడో తీయించితిమి. ముందు మట్టము తప్పుగా నున్నచో, తీసినంత పోయుట ఆ తప్పునే మరల చేయుట యగును.

పోయుటకు గరాటు కావలసివచ్చెను. మేము “గరాటు” అంటిమి. చూడవచ్చిన ఎదురింటి తమిళ పిల్లవాడు “పునల్” అని పరుగెత్తెను. అవ్వ తన గడపలోనుండియే “ఆలికె” అనెను. మూడు భాషలలో పిలిచినను వచ్చినది ఒక్కటే గరాటు. అదియు అవ్వ యింటనుండియే వచ్చినది. దానికి సన్నని గొట్టము తొడిగి, పుల్లదారిలో నుంచి, క్రొత్త చమురును దారమువలె పోసితిమి. తొందరపడినచో ఆ దారి సన్నది గావున పొంగి పైకి వచ్చును. మొదట 2 లీటర్ల 500 మాత్రమే పోసి, మిగిలిన 200 మిల్లీలీటర్లు చేతనుంచుకొంటిమి. తక్కువైనచో పోయవచ్చును, ఎక్కువైనచో తీయుట కష్టము.

తరువాత ఇంజను నడిపి, బ్రేకు గట్టిగా త్రొక్కియుంచి, గేరుపిడిని ఒక్కొక్క స్థానమున కొన్ని క్షణములు నిలుపుచు అన్నిటిని త్రిప్పి, మరల పార్కింగునకు తెచ్చితిమి. దానితో క్రొత్త చమురు కాలువలన్నిటిలోనికి పారును. అప్పుడు ఇంజను నడుచుచుండగనే పుల్ల తీసి తుడిచి, మరల ముంచి చూచితిమి. మా బండి పద్ధతి యది. కొన్ని కంపెనీల బండ్లకు ఇంజను ఆపిన వెంటనే చూడవలెను. పుస్తకము చెప్పినదే ప్రమాణము. వేడికి చమురు వ్యాకోచించును గనుక పుల్లపై చల్లని గీత వేరు, వేడి గీత వేరు. మట్టము కొంచెము తక్కువగా నుండెను. మిగిలిన 200 పోయగా సరిగా గీతకు వచ్చెను.

ఒక్కసారి మార్చుటతో అంతయు క్రొత్తది కాదు. తీసినది 2.7 లీటర్లు, 6లో మిగిలినది 3.3. అది టార్కు కన్వర్టరులోను, చల్లార్చు గొట్టములలోను దాగియుండును. అనగా నూటికి 55 వంతులు పాతదే. కొన్నిదినములు నడిపి మరల అట్లే మార్చినచో నూటికి 30 వంతులు మిగులును. మూడవసారికి సుమారు 17. లెక్కల మాస్టరుగారిని అడిగి ఎనిమిదవ తరగతివారు దీనిని సరిచూచుకొనవచ్చును. మేము పదునైదు దినములకొకసారి చొప్పున మూడుమార్లు మార్చితిమి. గేరు మారునప్పటి నెట్టుడు రెండవసారికే తగ్గెను, మూడవసారితో పోయెను.

ఈ పద్ధతికి హద్దులు కలవు; దాచుట తగదు. పైనుండి పీల్చినప్పుడు అడుగునున్న అయస్కాంతమునకు పట్టిన ఇనుపపొడి రాదు, ఫిల్టరును మార్చలేము. వానికై క్రింది పళ్లెము విప్పవలెను. అది స్టాండ్లు గల వర్క్‌షాపులో చేయించుటయే మేలు. ఎవరైనను క్రింది బోల్టునే విప్పదలచినచో, ముందది గేరుపెట్టెదో, ఇంజనుదో నిర్ధారించుకొనవలెను. రెండును ప్రక్కప్రక్కల నుండును. మొత్తము చమురు పట్టునంత వెడల్పు తొట్టి పెట్టవలెను. చేతికి తొడుగు వేసికొని, కడపటి మరలు విప్పునప్పుడు బోల్టును లోపలికి అదిమి పట్టి త్రిప్పి, పూర్తిగా వదులైన తరువాత ఒక్కసారిగా ప్రక్కకు తీయవలెను. మరల బిగించునప్పుడు క్రొత్త వాషరు వేయవలెను. కొన్ని బండ్లకు కొలతపుల్లయే యుండదు. వాని జోలికి ఇంట పోరాదు. సీవీటీ బండ్లకు వేరు చమురు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశమున వ్యాపించిన ఏఎంటీ బండ్లు లోపల మామూలు గేరుపెట్టెలే. యంత్రము మన బదులు క్లచ్చి త్రొక్కును. వానికి ఈ ఎర్రచమురు పనికిరాదు.

తీసిన పాత చమురును మూతగట్టి, పైన పేరు వ్రాసి, మా విద్యార్థితోనే వర్క్‌షాపునకు పంపితిమి. అచ్చటినుండి అనుమతి పొందినవారు తీసికొనిపోయి శుద్ధిచేయుదురు. 2016లో కేంద్రప్రభుత్వము చేసిన అపాయకర వ్యర్థముల నియమములలో వాడిన నూనెయు చేరియున్నది. కాలువలో పోయుట, చెత్తతో కాల్చుట తగవు. గులాబీ పాదులో పోసినచో ఏమగునో మేము చూచితిమి.

ఆ ఆదివారము పని ముగిసిన తరువాత గొట్టమును పైకి తీయుచుండగా, దాని కొననుండి ఒక్క చుక్క జారెను. మేమందరము క్రిందికి చూచితిమి. అది పరచిన వార్తాపత్రికపై రూపాయి బిళ్లంత ఎర్రగా నిలిచియుండెను. అవ్వ గడప దిగివచ్చి, వంగి, ఆ కాగితమును తానే నాలుగు మడతలు పెట్టి మా చేతికిచ్చెను. క్రింది సిమెంటు పొడిగా నుండెను. ఆ సాయంకాలము మా విద్యార్థియు, మేమును కలిసి ఆమె పాదులలోని నూనెమన్నును రెండడుగుల లోతు త్రవ్వి గోనెలకెత్తి, ఎర్రమన్ను, పశువుల యెరువు నింపి, రెండు క్రొత్త మొక్కలు నాటితిమి. అవి బ్రదికినవి.

విద్యార్థులారా, చమురు ఒలికినది చేతకానితనమువలన కాదు; కొలువకపోవుటవలన. తొట్టిని కొలువలేదు, వాలును కొలువలేదు, పోయినదానిని, పోసినదానిని కొలువలేదు. మనము కొలువక చేసిన పని యొక్క మరక తరచుగా ఇతరుల వాకిట పడును. మా విద్యార్థిని కూడ మేము తప్పు కొలతతోనే కొలిచియుంటిమి. గణములు రానివాడు పనికిరాడంటిమి. అదేవిధముగా, ఏ వాకిట ఏ మాట వినబడునో అదియే ఆ బిడ్డ భాషకు హద్దని కొందరు తల్లిదండ్రులు తెలుగు మాధ్యమమును కొలుచుచున్నారు. 2006లో వచ్చిన చట్టముతో మా పిల్లలందరును తమిళము నేర్చుచున్నారు, అది మంచిదే. దానితోపాటు తెలుగున నేర్చినది వ్యర్థము కాదని చెప్పుటకు, మా మెట్టుపై కూర్చుండి ఆ బాలుడు చేసిన బోధ మాకు చాలును. వాని క్షమాపణ కోరితిమి. “నాకు గుర్తే లేదు అయ్యవారూ” అనెను. గుర్తున్నదని వాని ముఖము చెప్పుచుండెను.

ఇప్పుడు మా కారు యథాప్రకారము మొదటి గంటకు ముందే బడి చేరుచున్నది. అవ్వ సాయంకాలము మరల మా గడపవద్దకు వచ్చుచున్నది. వాకిటి మరక ఎండకు, వానకు చాలవరకు పోయినది. వంగి చూచిన నీడవలె కొంచెము కనబడును. ముగ్గు మాత్రము మరల నడివాకిటికి వచ్చినది.